ఎల్లన్న కర్ర, షహనాజ్ సుర్మాదానీ

గోదావరిఖనిలో ఎల్లన్న కొట్టని వస్తువు లేదు. అలాగని ఆయన కొట్లాటల మనిషి కాదు, ఇంతవరకూ ఎవరి మీదా చెయ్యి ఎత్తి ఎరగడు. గోడను కొడతాడు, గుమ్మడికాయను కొడతాడు, నీళ్ల డ్రమ్మును కొడతాడు. ఉప్పు కొందామని కొట్టుకు వెళితే ముందు ఆ కొట్టు తలుపునే కొడతాడు. కొట్టి, చెవి ఒగ్గి, తల ఊపుతాడు. ఆ తల అడ్డంగా ఊగిందా, ఆ గుమ్మడికాయకు ఆ వారం బేరం లేనట్టే.

దీని వెనక కథేమీ లేదు, గని ఉంది. ఎల్లన్న భూమి కింద టింబర్‌మన్‌గా చేశాడు. రోజూ గనిలోకి దిగీ దిగీ చివరికి ఉద్యోగమే దిగిపోయాడు. టింబర్‌మన్ అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. షిఫ్టులో అందరికంటే ముందు ఆయన లోపలికి వెళ్లాలి. పొడవాటి కర్రతో కప్పును తట్టాలి. ఖంగుమంటే గట్టి, డొబ్బుమంటే డొల్ల. ఖంగుమన్నప్పుడు వెనక్కి తిరిగి, "రార్రి, కప్పు గట్టిగున్నది!" అని కేక వేసేవాడు. ఆ కేక వినపడేదాకా మిగతా వాళ్లెవరూ అడుగు ముందుకు వేసేవారు కాదు.

ఉద్యోగం దిగాడు గానీ చేతిలోంచి కర్ర దిగలేదు. "మనిషి రిటైరయిండు, చెయ్యి ఇంక డ్యూటీలనే ఉన్నది" అంటుంది ఆయన భార్య సారలమ్మ.

ఆ డ్యూటీలో ఉన్న చెయ్యే ఒక రోజు పక్కింటి షహనాజ్ సుర్మాదానీని, అంటే కాటుక బుడ్డిని, తట్టింది. కానీ తట్టిన దగ్గర మొదలుపెడితే పగలగొట్టినవాడి కథ అవుతుంది. చేసినవాళ్ల దగ్గర మొదలుపెట్టడమే మర్యాద.

షహనాజ్‌కు బజారులో గాజుల దుకాణం ఉంది. మన భాషలో చేతికి తొడిగేదీ గాజే, కిటికీకి బిగించేదీ గాజే. ఏళ్లుగా మొదటి గాజు అమ్మి బతికిన మనిషి, నడివయసులో రెండో గాజు మీద మోజు పడింది. ఆ మోజుకు కారణం ఆమె కూతురు యాస్మీన్. యాస్మీన్ జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఒక ఆదివారం ఈజిప్టు పాఠం కోసం ఫోన్లో బొమ్మలు వెతుకుతుంటే షహనాజ్ భుజం మీదుగా తొంగి చూసింది. పిరమిడ్లు ఆమెను కదిలించలేదు.

"సచ్చినోళ్లకు గింత పెద్ద ఇల్లా? ఈడ బతికినోళ్లకు క్వార్టర్ దొరుకుతలేదు."

తర్వాతి బొమ్మ దగ్గర మాత్రం ఫోన్ లాక్కుంది.

అరచేతిలో ఇమిడే గాజు బుడ్డి అది. పొద్దుగూకాక ఆకాశంలో కాసేపు మిగిలే నీలం. ఆ నీలం మీద పసుపు గీతలు, తెల్ల గీతలు అలలు అలలుగా ఉన్నాయి, నెమలీకను ఎవరో తీరిగ్గా దువ్వి వదిలినట్టు. పొట్టి మెడ. మెడకు అటూ ఇటూ పసిపిల్ల చెవుల్లాంటి రెండు పిడులు.

"ఏంది బేటీ ఇది?"

"సుర్మాదానీ అమ్మీ. మూడు వేల ఏండ్ల కిందటిది. ఆ దేశంల ఆడోళ్లు, మొగోళ్లు అందరు సుర్మా పెట్టుకునేటోళ్లు."

"గొట్టంతోని ఊదిన్రా?"

"ఊదుడు అప్పటికి ఎవరికి తెల్వదు. మట్టి, ఇసుక, పేడ కలిపి కడ్డీకి ముద్ద పెట్టేటోళ్లు. దాని మీద కరిగిన గాజును దారం లెక్క చుట్టుకుంట పోవుడు. రంగు తీగలు పైన చుట్టి, ఎర్రగున్నప్పుడే సూదితోని కిందికి మీదికి గుంజితే గీ అలలు వస్తయి. సల్లారినంక లోపటి మట్టి తోడి పారేసుడు."

షహనాజ్ ఆ అలల మీద వేలు పెట్టి పెద్దవి చేసి చూసింది. "అంటే ఒక్కొక్క అలకు ఒక్కటే గుంజుడు. తప్పితే దిద్దరాదు. వీడెవడో గాని, ఒక్కటి సుత తప్పలే సూడు."

"వాళ్లు గాజును కరిగి పారే రాయి అన్నరు అమ్మీ. ఫిరోజా రాయికి ఎంత ఇజ్జతో దీనికి గంత. రాజుల ఇండ్లల్లనే ఉండేది."

"నేను డజన్ల లెక్కన అమ్ముత. ఒక్కరన్న గాజుకు గింత ఇజ్జతు ఇచ్చిన్రా?" అంది షహనాజ్. ఆ రోజంతా ఫోన్ తిరిగివ్వలేదు. సాయంత్రానికి ఫోన్లో చార్జి దిగిపోయింది, అదంతా ఆమెకు ఎక్కింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కమాన్‌పూర్ నుంచి కబురు వచ్చింది. షహనాజ్ తమ్ముడు ముజమ్మిల్ అక్కడ లారీ నడుపుతాడు. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లల్లేరు. ఇప్పుడు అతని భార్య నీళ్లోసుకుంది. వాళ్ల ఇళ్లలో బిడ్డకు నలభయ్యో నాడు చిల్లా స్నానం చేయిస్తారు, ఆ రోజు మొదటి సుర్మా ఫుప్పీ చేతి మీదుగా పెట్టాలి. ఫుప్పీ అంటే మేనత్త, అంటే షహనాజ్.

"ఆ పిల్లగాని కోసం దర్గాలు తిరిగిన, దువా చేసిన, కండ్లనీళ్లు పెట్టిన. అన్నీ అడుగుడే. నా చేతులతోని చేసింది ఒక్కటి లేదు" అంది భర్త నజీర్‌తో. "బజారు డబ్బీలకెల్లి పెట్ట. గసువంటి సుర్మాదానీ నేనే చేస్త."

"కంట్లె సుర్మా పెట్టొద్దని దవాఖానల గట్టిగ చెప్తున్నరు అమ్మీ" అంది యాస్మీన్.

"హౌ, కంట్లె పెట్ట. చెవి వెనక చుక్క పెడత. చుక్క యాడన్న పెడత గాని బుడ్డి మాత్రం నాదే ఉండాలె."

ఈజిప్టు పని ఈజీ కాదని మొదటి రోజే తేలిపోయింది. నజీర్‌ది వెల్డింగ్ షాపు కాబట్టి మంటకు కొదవ లేదు. గ్యాస్ టార్చి, నల్ల కళ్లద్దాలు, కడ్డీకి సైకిల్ చక్రపు పుల్ల ఇచ్చాడు. గాజుకూ కొదవ లేదు. గాజుల దుకాణంలో గాజు పగిలిందని అనకూడదు, పెరిగిందనాలి. ఆ లెక్కన షహనాజ్ దుకాణం వెనక ఉన్న రేకు డబ్బాలో పెరిగిన గాజులు నిండి పొర్లుతున్నాయి. పుట్టమన్ను, గోదావరి ఇసుక, ఎల్లన్న ఇంటి బర్రె పేడ. సామగ్రి అంతా ఉంది, లేనిదల్లా బుడ్డి.

మొదటిది బెల్లం పాకంలా జారిపోయింది. ఇంకొకటి, గాజుల మీది బంగారు పూత మాడి, బొగ్గు ముక్కలా తయారైంది. ఊరి పేరు నిలబెట్టిందన్నాడు నజీర్. లోపలి ముద్ద తడి ఆరకముందే మంటలో పెడితే అది ఫట్టుమని పేలి, నజీర్ నల్ల కళ్లద్దాలకు అర్థం తెలిసొచ్చింది. ఒకటి రూపం దాకా వచ్చింది గానీ నిలబడలేక పక్కకు వాలింది.

"గిది సుర్మాదానీనా, సమోసానా?" అన్నాడు నజీర్.

"తిను, తెలుస్తది" అంది షహనాజ్.

అయినా మానలేదు. నెలలు గడిచే కొద్దీ ఆమె చేతికి ఏదో తెలిసింది. మంటలో గాజు ఎప్పుడు తేనె అవుతుందో, ఎప్పుడు నీళ్లవుతుందో రంగు చూసి పట్టుకునేది. ఎడమ చేతి వేళ్లతో పుల్లను తిప్పుతూ ఉంటే కుడి చేతి లోంచి గాజు దారం నూలులా వచ్చి ముద్ద మీద వరస తప్పకుండా పరుచుకునేది. చిలిపి మాటలు తప్ప మెచ్చుకోవడం రాని నజీర్ కూడా ఆ వేళ టార్చి పట్టుకుని నోరు తెరిచి చూసేవాడు.

బిడ్డ పుట్టిన వారంలోనే బుడ్డీ పుట్టింది. నీలం పొట్ట, పసుపు అలలు, తెల్ల అలలు, రెండు చెవులు. మట్టి కూడా పూర్తిగా బయటికి వచ్చింది. షహనాజ్ దాన్ని అరుగు మీద తెల్ల రుమాలు పరిచి పెట్టింది. వాడకట్టంతా వచ్చి చూసింది. సారలమ్మ చూసి, "అవ్వో, నా కండ్లకే సుర్మా పెట్టినట్టున్నది" అంది. ఆమె వెనక ఎల్లన్న వచ్చాడు.

ఎల్లన్న వంగి చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. "చెల్లె, గింత సన్నటి గోడ, మీద గంత పని, లోపట ఒక్క దుంగ లేదు. ఎట్ల నిలవడ్డదే?" అన్నాడు. నిజంగా ఆశ్చర్యపోతే మామూలు మనిషి బుగ్గన చెయ్యి పెట్టుకుంటాడు. ఎల్లన్న చెయ్యి మాత్రం కర్ర ఎత్తింది.

టక్.

గట్టిగా కొట్టలేదు. ఈగ వాలినంత. కానీ నీలం పొట్ట చుట్టూ వెంట్రుకలాంటి గీత ఒకటి తీరిగ్గా పాకి, మొదలైన చోటికి తిరిగొచ్చింది. బుడ్డి రెండుగా విడిపోయి రుమాలు మీద పడుకుంది.

షహనాజ్ ఆ రెండు ముక్కల్నీ రుమాలులో దగ్గరికి చేర్చి, దుకాణంలో ఆడపిల్లలకు చెప్పే గొంతుతోనే చెప్పింది.

"పెరిగిందన్న."

ఆమె నాలుగు తిట్లు తిట్టినా ఎల్లన్న అన్నం తినేవాడు. తిట్టలేదు గనకే ముద్ద దిగలేదు. మర్నాడు షహనాజ్ టార్చిని నజీర్ షాపుకు పంపేసింది. బజారు నుంచి సుర్మా డబ్బీ, ప్లాస్టిక్‌ది, కొనుక్కొచ్చి అల్మారాలో పెట్టింది. దుకాణంలో గాజులు తొడుగుతూ నవ్వుతూనే ఉంది గానీ ఆ నవ్వు కూడా ప్లాస్టిక్‌దే.

ఎల్లన్న కర్రను అటక మీదికి విసిరేశాడు. కర్ర లేని ఎల్లన్న జెండా లేని కర్రలా వాడకట్టులో తిరిగాడు.

"మొగడు బొగ్గు తీసిండంటే బతుకమ్మ పాట లెక్క చెప్పుకున్న. గాజు పగలగొట్టిండంటే ఏమని చెప్పాలె?" అంది సారలమ్మ.

"నోరు మూసుకోవే. నాకే పానం బాగ లేదు."

"పానం బాగ లేకుంటె దవాఖానకు పో. తప్పు జేస్తె పక్కింటికి పో."

పోయాడు. గుమ్మంలో యాస్మీన్ ఎదురైంది. "బిడ్డా, నా కర్ర గంత గట్టిగ తాకిందా?" అని అడిగాడు.

"నీ కర్ర ఈగంత తాకింది కాకా. గంతకే పోయిందంటె అది ముందే పోయింది. అమ్మీ దాన్ని బండ మీద గాలికి పెట్టి సల్లార్చింది. జల్ది సల్లారితే గాజు పైన బిగుస్తది, లోపట ఇంక మెత్తగనే ఉంటది. ఆ గుంజులాట లోపల్నే ఉంటది. ఇయ్యాల నువ్వు తాకినవు, రేపు పిల్లి తాకేది. వాళ్లు పొయ్యి పక్కనే పెట్టి మెల్లమెల్లగ సల్లార్చేటోళ్లు. అమ్మీకి చెప్పిన. ఇంటలేదు. గా నీలం గాజులు సుత అయిపోయినయట."

ఎల్లన్న తల నిలువుగా ఊగింది. ఇంటికి వచ్చి సారలమ్మను ఒకటే అడిగాడు. "కందగడ్డలు బొగ్గుల పొయ్యి బూడిదల పెడితివి గదా మొన్న. ఎంతసేపు కాక ఉంటది?"

"రాత్రి పెడితే తెల్లారినంక తీసినా చెయ్యి కాలుతది. ఏం, కందగడ్డలు తినాలనిపిస్తుందా?"

"కందగడ్డ కాదే. గాజు."

మర్నాటి నుంచి మూడు వారాలు ఎల్లన్న భుజాన తువ్వాలతో ఇల్లిల్లూ తిరిగాడు. "అవ్వా, నీలం గాజులు ఏమన్న ఉన్నయా, పెరిగినయి?" ఆడవాళ్లకు ఇంతకంటే పండగ ఏముంది?

"ఎల్లన్న కాక గాజులు తొడుక్కుంటడట!"

"చేతికి పడుతయా కాక? సబ్బు తెమ్మంటవా?"

"తొడుక్కుంట తియ్యి, ముందు ఇయ్యి" అన్నాడు ఎల్లన్న. గనిలో కప్పు కింద తల వంచని మనిషి, కోడళ్ల వెక్కిరింపుల కింద తల వంచి తువ్వాల నింపుకున్నాడు. తెచ్చి షహనాజ్ ముందు గుమ్మరించాడు. లేత నీలాలు కాదు, ముదురు నీలాలు, పూత లేనివి, ఏరి ఏరి తెచ్చినవి.

"చెల్లె, నేను కర్ర అటకెక్కిచ్చిన. నువ్వు పుల్ల దింపు."

"నాతోని గాదన్న. మల్ల పోతే?"

"మల్ల పోతే మల్ల పేడ తెస్త. పేడకు కరువున్నదా మన వాడల?"

షహనాజ్ నవ్వింది. ఈసారి అది ప్లాస్టిక్‌ది కాదు. ఒక ముక్క తీసి వెలుతురుకు పెట్టి చూసింది. తర్వాత నజీర్ వైపు తిరిగి, "క్యా జీ, టార్చి తెస్తవా, సమోసా తెస్తవా?" అంది.

అప్పటికి చిల్లాకు వారమే ఉంది. ముద్ద రెండు రోజులు ఎండలో ఎండింది. మూడో నాడు పొద్దున్నే అందరూ పెరట్లో చేరారు. పుల్లకు గుచ్చిన ముద్ద మంటలో తిరుగుతుంటే దాని మీద నీలం దారం పడింది. ఎర్రగా వెలిగేటప్పుడు అది నీలమని ఎవరూ నమ్మరు. మంటలోంచి తీసిన క్షణం తర్వాత, పొద్దుగూకాక వచ్చినట్టే, ఆ నీలం లోపల్నుంచి వచ్చింది. షహనాజ్ దాన్ని బండ మీద దొర్లించి నునుపు చేసింది. పసుపు తీగ చుట్టింది, తెల్ల తీగ చుట్టింది. దబ్బనం అందుకుంది. ఒకటి కిందికి. ఒకటి మీదికి. గీత గీతా వంగి అల అయింది. మూడు వేల ఏళ్ల కింద ఎవరి చెయ్యో గుంజిన గుంజుడు అది. ఆ మనిషికి పేరు లేదు, ఊరు తెలియదు, ఆడో మగో తెలియదు. ఆ చేతికి అన్నేళ్ల తర్వాత గోదావరి ఒడ్డున ఒక పెరట్లో వారసురాలు దొరికింది. ఫారోలకు కూడా ఇంత అదృష్టం లేదు.

"గా మనిషి సుత గిట్లనే ఊపిరి బిగవట్టి ఉంటడు" అంది షహనాజ్, ఆఖరి అల గుంజాక.

గాలికి చల్లారనివ్వలేదు ఈసారి. సారలమ్మ ఇనుప డ్రమ్ములో బొగ్గు నిప్పుల మీద వేడి బూడిద సిద్ధంగా పెట్టింది. బుడ్డిని అందులో పూడ్చి, పైన మళ్లీ బూడిద కప్పి, మూత పెట్టింది. "ఎవలన్న మూత తీస్తె చేతులు విరగ్గొడత" అంది. అందరూ ఎల్లన్న వైపు చూశారు. ఎల్లన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

మర్నాటి సాయంత్రానికి గానీ డ్రమ్ము చల్లారలేదు. బూడిదలోంచి బుడ్డి బయటికొచ్చింది, పుల్లా ఊడింది. ఇక లోపలి మట్టి తోడాలి. షహనాజ్ బుడ్డిని ఎల్లన్న చేతిలో పెట్టింది.

"నాకెందుకు చెల్లె? మల్ల నా చేతికా?"

"గోడకు తాకకుంట లోపట ఖాళీ చేసుడు నీ అసువంటోళ్ల పనే గదన్న."

ఎల్లన్న దాన్ని నీళ్లలో నానబెట్టి, వంచిన సైకిల్ పుల్లతో చిటికెడు చిటికెడు తోడాడు. పెదాలు కదలకుండా గొణిగాడు. "బొగ్గు తీసి ఇసుక నింపినం ఇన్నేండ్లు. ఇసుక తీసి ఖాళీ ఉంచుడు ఇదే మొదలు." మసకబడే వేళకు బుడ్డి ఖాళీ అయింది, ఆయన చొక్కా చెమటతో నిండింది.

"కొట్టి సూడన్నా" అన్నాడు నజీర్, నవ్వుతూ.

ఎల్లన్న బుడ్డిని రుమాలులో పెట్టి ఇచ్చేశాడు. కొట్టలేదు.

చిల్లా నాడు అందరూ ఆటోలో కమాన్‌పూర్ వెళ్లారు. దారి పొడుగునా బుడ్డి షహనాజ్ ఒళ్లో, ఎల్లన్న చూపు బుడ్డి మీద. ముజమ్మిల్ ఇంట్లో బిడ్డకు నీళ్లు పోశారు, సాంబ్రాణి పొగ వేశారు, ఉయ్యాలలో పడుకోబెట్టారు. షహనాజ్ బుడ్డిలో సుర్మా నింపి, గోడకున్న గూట్లో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

అప్పుడు దూరంగా సైరన్ మోగింది.

ఆ ఊళ్లో ఆ సైరన్‌కు ఎవరూ తల కూడా తిప్పరు. రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బండ పేల్చే బ్లాస్టింగ్ చేస్తారు. ఊరు ఒకసారి ఒళ్లు విరుచుకుని మళ్లీ తన పని తాను చూసుకుంటుంది. కానీ ఎల్లన్న లేచాడు. వయసు మరిచి, మంచాలు దాటి, గూటి దగ్గరికి ఉరికి, బుడ్డికి తాకకుండా చుట్టూ రెండు అరచేతులూ నిలబెట్టాడు, కప్పు కింద దుంగలు నిలబెట్టినట్టు. చేతులు కడుక్కుంటున్న షహనాజ్ చెంబుతో సహా గుమ్మంలో ఆగిపోయింది.

భూమి లోపల ఎవరో దగ్గినట్టయింది. గూట్లో గిన్నెలు గలగలలాడాయి. అద్దం ఊగింది. ఉయ్యాల గొలుసు కిర్రుమంది. బుడ్డి ఎల్లన్న చేతుల మధ్య వణికింది, తిరిగింది, నిలబడింది.

ఆయన నుదురు గోడకు ఆనించి అలాగే ఉండిపోయాడు.

షహనాజ్ వచ్చి బుడ్డిని తీసి వెలుతురులో తిప్పి చూసింది. ఎక్కడా గీత లేదు. చేత్తో గుంజిన అలలు తప్ప. సుర్మా పెట్టే సన్నటి సలాయి ఎల్లన్నకు అందించింది.

"కొట్టన్న."

"నక్కో చెల్లె, వద్దు! నీ కాల్మొక్త."

"భూమే కొట్టి పోయింది, నీకేం భయం? నువ్వు కొట్టి చెప్పకుంటె నాకు నమ్మకం రాదు. నేనెట్ల నా పిల్లగానికి పెట్టాలె?"

ఎల్లన్న సలాయి పట్టుకున్నాడు. గనిలో మొదటి రోజు కర్ర పట్టినప్పుడు కూడా అంత చెమట పట్టి ఉండదు. తట్టాడు. సన్నగా, పొడుగ్గా, శుభ్రంగా మోగింది. చెవి ఒగ్గి, ఆ మోత పూర్తిగా అయిపోయేదాకా విన్నాడు. తల నిలువుగా ఊగింది. ఉయ్యాల వైపు తిరిగి, ఏళ్లుగా గొంతులో మడిచిపెట్టిన షిఫ్టు కేక వేశాడు.

"రా బిడ్డా! కప్పు గట్టిగున్నది!"

బ్లాస్టింగ్‌కు లేవని బిడ్డ ఆ కేకకు ఉలిక్కిపడి లేచి, కమాన్‌పూర్ అంతా వినేలా ఏడుపు అందుకున్నాడు. సారలమ్మ మొగుణ్ని తిడుతూ ఉయ్యాల ఊపింది. షహనాజ్ నీలం బుడ్డిలో సలాయి ముంచి, ఏడుస్తున్న మేనల్లుడి చెవి వెనక నల్ల చుక్క పెట్టింది.